బోర్డు తీసేశారు సరే.. బండి కదిలేదెప్పుడు?

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారంలో 2021 సెప్టెంబరు 30న షిఫ్టు దిగి ఇంటికెళ్లిన కార్మికుడు మర్నాడు అదే గేటులోంచి లోపలికి వచ్చేసరికి యాజమాన్యం మారిపోయింది. ముందురోజు వరకు ఆ కర్మాగారం కోల్‌కతా కేంద్రంగా నడిచే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డులో భాగం. అక్టోబరు 1 నుంచి చెన్నై శివార్లలోని ఆవడిలో కార్యాలయం ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ అనే కంపెనీలో ఒక యూనిట్. అవే యంత్రాలు, అదే బీఎంపీ-2 పోరాట వాహనం, అదే క్యాంటీన్. దేశవ్యాప్తంగా 41 కర్మాగారాల్లోని దాదాపు 70 వేల మంది విషయంలో ఆ రాత్రి జరిగింది ఇదే. 1801లో కాశీపూర్‌లో ఫిరంగి బండ్ల తయారీతో మొదలైన వ్యవస్థ రద్దయి, దాని స్థానంలో ఏడు ప్రభుత్వరంగ కంపెనీలు వచ్చాయి.

నాలుగేళ్లు గడిచాయి. ఈ సంస్కరణకు నేను మొదట్నుంచీ అనుకూలుణ్నే. ఇప్పటికీ ఆ అభిప్రాయం మార్చుకోలేదు. అయితే ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం ఫ్యాక్టరీ షెడ్డు దాకా చేరిందా అన్న ప్రశ్న వేసుకున్నప్పుడల్లా జవాబు సగంలోనే ఆగిపోతోంది. రక్షణ సంస్కరణల మీద మనదేశంలో చర్చ ఎప్పుడూ ‘చేయాలా, వద్దా’ అన్నచోటే తిరుగుతుంది. చేశాక ఎలా నడపాలన్నది ఎవరికీ పట్టదు. ఆ పట్టని భాగం గురించే ఈ వారం రాస్తున్నాను.

ముందుగా, ఈ మార్పు ఎందుకు అవసరమైందో గుర్తుచేసుకోవాలి. 2017లో కాగ్ ఇచ్చిన నివేదిక అప్పట్లో పార్లమెంటును కుదిపేసింది. 2016 సెప్టెంబరు నాటికి సైన్యం వద్ద ఉండాల్సిన 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని ఆ నివేదిక తేల్చింది. ఈ కొరతకు కారణాల్లో ఫ్యాక్టరీ బోర్డు నుంచి సరఫరాలు అందకపోవడం, వచ్చిన వాటిలో నాణ్యత లోపించడం ప్రధానమైనవి. 2014 నుంచి ఆరేళ్లలో నాసిరకం మందుగుండు వల్ల రూ.960 కోట్లు నష్టపోయామని సైన్యం అంతర్గత నివేదికలో పేర్కొన్నట్లు 2020లో పత్రికల్లో వచ్చింది. ట్యాంకు గొట్టంలోనే పేలిన గుండు వల్ల ప్రాణాలు పోగొట్టుకున్న జవాను కుటుంబానికి ఈ లెక్కలతో పనిలేదు. వ్యవస్థ మారాలన్నది అందుకే.

లోపం కార్మికుల చేతుల్లో లేదు, వ్యవస్థ కట్టుబడిలోనే ఉంది. ఫ్యాక్టరీ బోర్డు ఒక ప్రభుత్వ శాఖ. దానికి లాభం లేదు, నష్టం లేదు. ఎంత ఖర్చయితే అంత ధర వేసి సైన్యానికి పంపేది. ఖర్చు తగ్గించినవాడికి బహుమతి లేదు, పెంచినవాడికి శిక్ష లేదు. కొనేవాడు ఒక్కడే, అమ్మేవాడూ ఒక్కడే, ఇద్దరి జేబూ ఒక్కటే. దీన్ని కంపెనీగా మార్చాలని 2000లో టి.కె.ఎ. నాయర్ కమిటీ చెప్పింది. 2005లో విజయ్ కేల్కర్ కమిటీ చెప్పింది. ఆ తర్వాత రామన్ పూరి కమిటీ, షెకాత్కర్ కమిటీ ఇదే దారిలో నడిచాయి. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఫైలు కదల్లేదు.

ఇరవై ఏళ్లు కదలని ఫైలు ఏడాదిన్నరలో పరుగులు తీసింది. 2020 మే 16న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆత్మనిర్భర్ ప్యాకేజీలో భాగంగా ప్రకటన చేశారు. 2021 జూన్ 16న కేంద్ర మంత్రివర్గం ఏడు కంపెనీలకు ఆమోదం తెలిపింది. కార్మిక సంఘాలు సమ్మెకు సిద్ధమవుతుంటే జూన్ 30న అత్యవసర రక్షణ సేవల ఆర్డినెన్స్ వచ్చింది. సమ్మె చేస్తే ఏడాది దాకా జైలు అన్న నిబంధనతో ఆగస్టులో అది చట్టమైంది. మంత్రివర్గం ఆమోదానికీ కంపెనీలు మొదలవడానికీ మధ్య గడిచింది నూట ఏడు రోజులు. విజయదశమి రోజున ప్రధాని వాటిని జాతికి అంకితం చేశారు. ఒక కిరాణా కొట్టును అన్నదమ్ములు పంచుకోవడానికే ఇంతకన్నా ఎక్కువ సమయం తీసుకుంటారు.

తొందరపడటం తప్పని నేను అనడం లేదు. మనదేశంలో కొన్ని పనులు తొందరలోనే జరుగుతాయి, నిదానిస్తే అసలు జరగవు. కానీ తొందరలో వదిలేసిన ముడులను తర్వాతైనా విప్పాలి కదా. ఆ పని జరగలేదన్నదే నా ఫిర్యాదు.

ఫలితాలు అసలే లేవంటే అన్యాయం అవుతుంది. పుణే కేంద్రంగా ఉన్న మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్‌నే తీసుకోండి. పన్నెండు మందుగుండు కర్మాగారాలు దాని కింద ఉన్నాయి. 2021-22 రెండో అర్ధభాగంలో రూ.2,500 కోట్ల పైచిలుకు ఉన్న అమ్మకాలు 2024-25కల్లా రూ.8,200 కోట్లు దాటాయి. నామమాత్రంగా ఉన్న ఎగుమతులు రూ.3,000 కోట్లు దాటాయి. ఈ కంపెనీకి, ఆవడిలోని వాహనాల కంపెనీకి, డెహ్రాడూన్‌లోని ఇండియా ఆప్టెల్‌కు 2025 మేలో మినీరత్న హోదా దక్కింది. బోర్డు కాలంలో విదేశీ కొనుగోలుదారుకు కొటేషన్ పంపాలంటే ఫైలు ఎన్ని బల్లలు ఎక్కి దిగేదో తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఆ అంకెలను కాస్త పట్టిచూడాలి. మొదటిది ఆరు నెలల లెక్క, రెండోది ఏడాది లెక్క. రెంటినీ పక్కపక్కన పెట్టి మూడింతలకు పైగా పెరిగిందని చెప్పడం సరికాదు. మొదటి అంకెను రెట్టింపు చేసి చూసినా పెరుగుదల బాగానే ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెబితే పోయేదేముంది? ఉక్రెయిన్ యుద్ధం తర్వాత 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్ల కోసం ప్రపంచమంతా వెతుకులాడుతోంది. ఆ గాలి ఎప్పటికీ ఇలాగే వీయదు. ఇక తొలి ఆరు నెలల్లోనే ఏడింటిలో ఆరు కంపెనీలు లాభాల్లోకి వచ్చాయన్న ప్రకటన సంగతి. బోర్డు కాలంలో పెండింగులో ఉన్న రూ.65 వేల కోట్లకు పైగా విలువైన ఆర్డర్లను ప్రభుత్వం 66 ఒప్పందాలుగా మార్చి ఈ కంపెనీలకు అప్పగించింది. ఏటా సరఫరా చేయాల్సిన సరుకు విలువలో 60 శాతం అడ్వాన్సుగా ఇచ్చే ఏర్పాటూ చేసింది. పుట్టిన బిడ్డకు ఉగ్గుపాలు పట్టడం తప్పు కాదు. ఆ బిడ్డ సొంతంగా అన్నం కలుపుకొని తింటోందని ప్రచారం చేయడమే ఇబ్బంది.

అసలు కథ లాభం రాని ఆ ఏడో కంపెనీ దగ్గర ఉంది. నాగ్‌పుర్ కేంద్రంగా ఉన్న యంత్ర ఇండియా లిమిటెడ్ అది. ఎనిమిది కర్మాగారాలున్న పెద్ద కంపెనీ. ఒక ఫిరంగి గుండు ఎలా తయారవుతుందో చూస్తే దాని కష్టం అర్థమవుతుంది. గుండుకు ఉక్కు ఒళ్లు కావాలి. దాన్ని పోతపోసి, సాగగొట్టి, తొలిచే పని యంత్ర ఇండియా కర్మాగారాలది. అందులో పేలుడు పదార్థం నింపే పని చందా, ఖమారియా, బాదమాల్ లాంటి మ్యునిషన్స్ ఇండియా కర్మాగారాలది. గుండును గొట్టంలోంచి తోసే మందు బిహార్‌లోని నలందా నుంచో, మహారాష్ట్రలోని భండారా నుంచో రావాలి. బోర్డు ఉన్న రోజుల్లో ఇదంతా ఒక ఇంట్లో వంటగది నుంచి వడ్డన దాకా సాగే వ్యవహారం. ఒక ఫ్యాక్టరీ ఇంకో ఫ్యాక్టరీకి ఇండెంటు రాసేది, సరుకు వచ్చేది. ఆలస్యమైతే కోల్‌కతాలో కూర్చున్న పెద్దమనిషి ఇద్దరినీ మందలించేవాడు.

ఇప్పుడు ఆ రెండూ వేర్వేరు కంపెనీలు. మధ్యలో కొనుగోలు ఆర్డరు, ధర బేరం, జీఎస్టీ బిల్లు, ఆలస్యానికి జరిమానా. మ్యునిషన్స్ ఇండియా తన లాభం చూసుకోవాలంటే ఉక్కు ఒళ్లు ఎక్కడ చవకగా దొరికితే అక్కడ కొనాలి. ప్రైవేటు ఫోర్జింగ్ సంస్థలు ఆ పనిలో చేయి తిరిగినవే. అలా కొంటే యంత్ర ఇండియా యంత్రాలు ఖాళీగా పడుంటాయి. అక్కడే కొనమని ఆదేశిస్తే ఎగుమతి బేరంలో మ్యునిషన్స్ ఇండియా ధర నిలబడదు. ఈ రెండు కంపెనీలకూ యజమాని ఒక్కరే, రక్షణ ఉత్పత్తుల విభాగం. ఈ చిక్కు తేల్చాల్సింది ఆ యజమానే. ఏడు ముక్కలు చేసేటప్పుడు సరుకును బట్టి చేశారు: ట్యాంకులు ఒకవైపు, తుపాకులు ఒకవైపు, దుస్తులు ఒకవైపు. కాగితం మీద చక్కగా కనిపించే విభజన ఇది. కర్మాగారాల మధ్య సరుకు ఎటు నుంచి ఎటు పారుతుందన్నది చూసుకున్నట్లు కనిపించదు. సలహాకు కేపీఎంజీ నేతృత్వంలోని కన్సల్టెన్సీ ఉంది, పర్యవేక్షణకు రాజ్‌నాథ్‌సింగ్ అధ్యక్షతన మంత్రుల బృందం ఉంది. ఆ లోపలి పారుదల మాత్రం ఫోర్‌మన్లకు తెలిసిన సంగతి. వాళ్లను అడిగే తీరిక ఆ నూట ఏడు రోజుల్లో దొరకలేదేమో.

ఇంకో చివర కాన్పూర్‌లోని గ్లైడర్స్ ఇండియా ఉంది. దాని కింద ఒకే ఒక్క ఫ్యాక్టరీ, పారాచూట్లు తయారుచేసేది. ఒక్క ఫ్యాక్టరీకి ఒక చైర్మన్, ఒక డైరెక్టర్ల బోర్డు, ఒక కంపెనీ సెక్రటరీ! అదే ఊళ్లో ట్రూప్ కంఫర్ట్స్ లిమిటెడ్ ఉంది. నాలుగు కర్మాగారాలు, సైనికుల దుస్తులు, బూట్లు, గుడారాలు దాని పని. 2017లో ఏడో వేతన సంఘం సిఫార్సుల మేరకు సైనికులకు ఏటా దుస్తుల భత్యం ఇవ్వడం మొదలైంది. దాంతో యూనిఫాం ఆర్డర్లకు గండి పడింది. అంటే ఆ కర్మాగారాలకు గిరాకీ తగ్గిన నాలుగేళ్లకు వాటిని ‘మీ కాళ్ల మీద మీరు నిలబడండి’ అని బజార్లోకి పంపారు. ఈ రెంటినీ కలిపేస్తే కనీసం ఖర్చయినా తగ్గుతుందని నా అభిప్రాయం. ఏడు అన్న సంఖ్యకు ఏ పవిత్రతా లేదు.

అన్నిటికన్నా గట్టి ముడి మనుషులది. కంపెనీలు పుట్టిన రోజున ఉద్యోగులందరినీ రెండేళ్లపాటు డిప్యుటేషన్ మీద పంపినట్లుగా భావించారు. జీతం కంపెనీ ఇస్తుంది, హోదా మాత్రం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిది. ఆ రెండేళ్లలో కంపెనీలు తమ సర్వీసు నిబంధనలు రూపొందించి, ఉద్యోగులను తమలో చేరతారా అని అడగాలి. రెండేళ్లు గడిచాయి. గడువు ఏడాది పొడిగించారు. తర్వాత మూడు నెలలు. ఆ తర్వాత ఇంకో ఏడాది. దాంతో గడువు 2025 డిసెంబరు 31కి చేరింది.

దీని ఫలితం షెడ్డులో ఎలా ఉంటుందో ఊహించుకోండి. కంపెనీ అధిపతి తన కింద పనిచేసేవారికి యజమానిలా కనిపిస్తారు గాని నిజానికి వాళ్ల యజమాని ప్రభుత్వమే. ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం మార్చాలన్నా, పని లేని ఫ్యాక్టరీ నుంచి పని ఉన్న ఫ్యాక్టరీకి మనుషులను పంపాలన్నా చేతులు కట్టేసినట్టే. కార్మికుడి వైపు నుంచి చూస్తే, కూతురి పెళ్లికి అప్పు చేయాలా వద్దా అని లెక్క వేసుకునేవాడికి వచ్చే ఏడాది తాను ఎవరి ఉద్యోగో తెలియదు. ఈలోగా రిటైరవుతున్నవారి స్థానంలో కంపెనీలు నిర్ణీత కాలానికి ఒప్పంద కార్మికులను తీసుకుంటున్నాయి. పేలుడు పదార్థాలు కలిపే ప్రమాదకర భవనాల్లో పనికి కూడా ఇదే పద్ధతి. ఆ పనిలో చేతివాటం రావడానికి ఏళ్లు పడుతుంది. 2025 జనవరి 24న భండారా కర్మాగారంలో జరిగిన పేలుడులో ఎనిమిది మంది చనిపోయారు. దానికి ఒప్పంద ఉద్యోగాలే కారణమని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. కానీ అటువంటి చోట నాలుగేళ్ల అనుభవం వచ్చిన మనిషిని ఒప్పందం ముగిసిందని ఇంటికి పంపే విధానం ఏ పద్దులో ఆదా కింద రాస్తారో నాకు అర్థం కాదు.

కార్మిక సంఘాలు మార్పును అడ్డుకునే మొండి శక్తులని ఢిల్లీలో తేలిగ్గా అనేస్తుంటారు. 2019 ఆగస్టులో నెల రోజుల సమ్మెకు పిలుపునిచ్చి కొద్ది రోజులకే విరమించిన సంఘాలవి, వాటిలో వామపక్షాల నుంచి ఆర్‌ఎస్‌ఎస్ అనుబంధ సంఘం వరకు ఉన్నాయి. వాళ్ల భయానికి పునాది లేకపోలేదు. టెలికాం శాఖ బీఎస్ఎన్ఎల్‌గా మారింది కూడా అక్టోబరు 1నే, 2000 సంవత్సరంలో. ఇరవై ఏళ్లు తిరక్కుండానే 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. బ్రిటన్ 1985లో తన రాయల్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను కంపెనీగా మార్చి, రెండేళ్లకే బ్రిటిష్ ఏరోస్పేస్‌కు అమ్మేసింది. మరీ దూరం పోనక్కర్లేదు. ఆర్డ్‌నెన్స్ కర్మాగారాల మార్పు జరిగిన 2021లోనే, జనవరిలో, విశాఖ ఉక్కును నూరు శాతం అమ్మాలన్న నిర్ణయం వచ్చింది. విశాఖ రోడ్ల మీద ఏం జరిగిందో ఎద్దుమైలారం కార్మికుడు టీవీలో చూశాడు. ఆ కళ్లతోనే తన ఫ్యాక్టరీ కొత్త బోర్డును చూశాడు.

ఈ ముడికి పరిష్కారం మనదగ్గరే ఉంది. ప్రసార భారతిలో 2007 అక్టోబరు 5కు ముందు చేరిన ఉద్యోగులు రిటైరయ్యేదాకా డిప్యుటేషన్‌పై ఉన్న ప్రభుత్వ ఉద్యోగులుగానే కొనసాగేలా చట్టం సవరించారు. ఆర్డ్‌నెన్స్ ఉద్యోగుల సంఘాలు అడుగుతున్నదీ అదే. ఇచ్చేస్తే కంపెనీల మీద భారం పెరుగుతుందని అధికారుల వాదన. భారం నిజమే, కానీ అది ఏటా రిటైర్మెంట్లతో కరిగిపోయేది. ఏటా గడువు పెంచుతూ పోవడం వల్ల జరుగుతున్న నష్టం కరిగేది కాదు. ఫ్రాన్స్ తన ఆయుధ కర్మాగారాలను జియాట్ అనే కంపెనీగా మార్చినప్పుడు పాత కార్మికులు తమ ప్రభుత్వ హోదాను నిలుపుకొనే వీలు కల్పించింది. ఆ కంపెనీ ఏళ్ల తరబడి నష్టాల్లో మునిగింది, ప్రభుత్వం మళ్లీ మళ్లీ పెట్టుబడి పోసింది, సిబ్బందినీ బాగా తగ్గించింది. చివరకు 2006లో నెక్స్‌టర్‌గా నిలదొక్కుకుంది. పదిహేనేళ్ల పని అది.

ఇక కొనుగోలుదారు సంగతి. సైన్యం ఏం కొంటుందో, ఎప్పుడు కొంటుందో తెలియకుండా ఏ కంపెనీ అయినా వ్యూహం ఎలా రాసుకుంటుంది? ఎద్దుమైలారానికే వద్దాం. 2020 జూన్‌లో 156 బీఎంపీ-2 వాహనాల కోసం రూ.1,094 కోట్ల ఇండెంటు ఈ ఫ్యాక్టరీకి వచ్చింది. 2023కల్లా ఇవ్వాలన్నది లక్ష్యం. బీఎంపీ-2 సోవియట్ కాలపు డిజైను. దాని స్థానంలో కొత్త పదాతిదళ పోరాట వాహనం కోసం రక్షణశాఖ కంపెనీల నుంచి ఆసక్తి వ్యక్తీకరణలు కోరింది 2010లో. పదిహేనేళ్లయినా ఆ ప్రాజెక్టు కాగితాలు దాటలేదు. కొత్త వాహనం ఎప్పుడొస్తుందో, దాంట్లో తమకు వాటా ఉంటుందో లేదో తెలియని ఫ్యాక్టరీ కొత్త వెల్డింగ్ లైను మీద డబ్బు పెట్టాలా? పాత వాహనాల మరమ్మతుల మీద బతకాలా? డైరెక్టర్ల బోర్డు ఎంత సమర్థమైనదైనా ఈ ప్రశ్నకు జవాబు ఆవడిలో దొరకదు, సేనా ప్రధాన కార్యాలయంలోనే దొరకాలి.

మరోపక్క పోటీ గుమ్మంలోకి వచ్చేసింది. సైన్యం దశాబ్దాలుగా వాడిన నెంబర్ 36 గ్రెనేడ్ మొదటి ప్రపంచయుద్ధ కాలం నాటిది, తయారీ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలది. దాని స్థానంలో పది లక్షల ఆధునిక గ్రెనేడ్ల కోసం 2020 అక్టోబరులో రూ.409 కోట్ల ఒప్పందం కుదిరింది నాగ్‌పుర్‌లోని ఒక ప్రైవేటు సంస్థతో. డిజైను ఇచ్చింది డీఆర్‌డీఓ. సైనికుడికి మంచి గ్రెనేడ్ అందింది, అంతవరకు సంతోషమే. ఇటు జబల్‌పుర్ కర్మాగారంలో తయారయ్యే ధనుష్ ఫిరంగుల లెక్క చూడండి. 2019లో 114 కోసం అనుమతి వచ్చింది, గడువు దాటిపోయినా మొత్తం అందలేదు. ప్రైవేటు సంస్థలు ఆగవు. వాటితో పోటీపడాల్సిన ప్రభుత్వ కంపెనీ చేతుల్లో మనుషులు లేరు, ధర లేదు, రేపటి ఆర్డరు లేదు.

ఆపరేషన్ సిందూర్ తర్వాత మందుగుండు నిల్వల మీద మళ్లీ చర్చ మొదలైంది. పదేళ్లకు సరిపడా కొనుగోలు ప్రణాళికలు, కొత్త లక్ష్యాలు వినిపిస్తున్నాయి. వాటిని స్వాగతిస్తూనే నేను రక్షణ మంత్రిత్వశాఖను అడిగేది చిన్నది. మినీరత్న హోదాల ప్రకటన పక్కన ఫ్యాక్టరీల వారీగా లెక్క కూడా పెట్టండి: ఎన్ని గుండ్లు తనిఖీలో నెగ్గాయి, ఎన్ని తిరిగి వచ్చాయి, గడువుకు ఎంత అందింది, ఒక్కో గుండుకు ఖర్చు నాలుగేళ్లలో పెరిగిందా తగ్గిందా. రహస్యమైనవి పార్లమెంటు రక్షణ స్థాయీసంఘానికి ఇవ్వండి. కంపెనీగా మార్చిందే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పించడానికి. ఆ జవాబులు బయటికి వస్తే యంత్ర ఇండియాకు, మ్యునిషన్స్ ఇండియాకు మధ్య ధర ఎవరు తేల్చాలో, గ్లైడర్స్ ఇండియా విడిగా ఉండాలో వద్దో వాదించుకోవడానికి కనీసం ఒక ఆధారం దొరుకుతుంది.

డిప్యుటేషన్‌కు పెట్టుకున్న గడువు 2025 డిసెంబరు 31. ఆ తేదీకల్లా గడువు ఇంకో ఏడాది పొడిగిస్తూ ఒక పేజీ ఉత్తర్వు వస్తుందా, లేక చట్టసవరణ బిల్లు వస్తుందా అన్నది ఆ ఏటి శీతాకాల సమావేశాల్లో తేలాల్సిన విషయం. ఉత్తర్వు తయారుచేయడానికి ఒక సెక్షన్ ఆఫీసర్, ఒక మధ్యాహ్నం చాలు. అంతకుముందు మూడుసార్లూ జరిగింది అదే.